రెండో సాక్షి

పత్తి సీజన్ జోరుగా ఉన్న రోజుల్లో ఆదోని మార్కెట్ యార్డులో కాటాలు ఆగాక మండీల్లో ఇంకో పని మొదలవుతుంది. ఎవరి సరుకు ఎంత తూగింది, ఏ ధరకు పోయింది, హమాలీ ఎంత, కమీషన్ ఎంత, అన్నీ పోను రైతుకు ముట్టాల్సింది ఎంత అన్నది గుమాస్తా పట్టీలు ముందేసుకుని చిట్టాకెక్కిస్తాడు. ఒకప్పుడు ఆ లెక్క ప్రకారం నోట్లు ఎంచి చేతిలో పెట్టేవాళ్లు. ఇప్పుడు పెద్ద మొత్తాలు ఖాతాలకే వెళ్తున్నాయి. సేటు కంప్యూటర్ ముందు కూర్చుని పేరు, ఖాతా నంబరు, మొత్తం కొడతాడు. ఫోనుకు ఓటీపీ వస్తుంది. డబ్బు వెళ్లిపోతుంది. పద్ధతిగా నడిచే మండీలో పని అక్కడితో అయిపోదు. గుమాస్తా బ్యాంకు శాఖకు వెళ్లి స్టేట్‌మెంట్ కాగితం తెచ్చి, చిట్టాలోని ఒక్కో పద్దు పక్కనా పెట్టి చూసి, సరిపోయిన దానికి పెన్సిల్‌తో టిక్కు కొడతాడు.

ఆ టిక్కు ఎంత గట్టి పనితనమో తెలియాలంటే, దాన్ని ఓడించడానికి తెలివైన దొంగలు ఎన్నేళ్లు, ఎన్ని విధాలుగా పాటుపడ్డారో చూడాలి. డబ్బు విషయంలో ఒక మాటను ఇద్దరు సాక్షులు వేర్వేరు దారుల్లో వచ్చి చెబితేనే నమ్మాలన్నది వర్తకుల పాత నియమం. సేటు చూసే తెర ఒక సాక్షి. శాఖలో అచ్చయిన కాగితం రెండో సాక్షి. బ్యాంకింగ్ మాల్‌వేర్ చరిత్రంతా రెండో సాక్షి నోరు నొక్కే ప్రయత్నమే. ఆ ప్రయత్నాలను పట్టుకుని, విప్పి, లోకం ముందు పెట్టిన మనుషుల పని నాకు చాలా గొప్పగా కనిపిస్తుంది. ఈ వ్యాసం వాళ్ల గురించి.

ముందు దొంగ పని ఎలా సాగుతుందో చూద్దాం. 2007లో అమెరికా రవాణా శాఖ సమాచారం దొంగిలిస్తూ బయటపడ్డ జియస్ అనే ప్రోగ్రాము తర్వాత వచ్చిన చాలావాటికి మూలం. కొరియర్ రసీదులా, సరుకు బిల్లులా, పన్ను నోటీసులా కనిపించే ఒక మెయిల్ వస్తుంది. దానికి తగిలించిన ఫైలు తెరిస్తే ప్రోగ్రాము లోపలికి దిగుతుంది. కొన్నిసార్లు అప్‌డేట్ చేయని బ్రౌజర్‌తో ఏదో ఒక పాడైన వెబ్‌సైట్‌కు వెళ్లడమే చాలు. దిగాక కంప్యూటర్ నెమ్మదించదు, తెర మీద ఏదీ మారదు. అది కాచుకుని ఉంటుంది. సేటు సినిమా చూసినా, పత్తి ధరలు చూసినా దానికి పట్టదు. బ్యాంకు పేజీ తెరిచిన క్షణంలో మేలుకుంటుంది.

అది ఎక్కడ కూర్చుంటుందన్నదే దాని నేర్పు. బ్యాంకుకూ మన కంప్యూటర్‌కూ మధ్య తీగల్లో వెళ్లే సమాచారమంతా సంకేతాల్లోకి మారి వెళ్తుంది. బ్రౌజర్‌లో కనిపించే తాళం గుర్తుకు అర్థం అదే. దారి మధ్యలో ఎవరు తొంగి చూసినా ఏమీ తెలియదు. జియస్ దారి మధ్యలో నిలబడదు. బ్రౌజర్ లోపలే, పాస్‌వర్డ్ సంకేతంగా మారకముందే, మనం కొట్టింది కొట్టినట్టు చదువుకుంటుంది. బ్యాంకు పేజీ వచ్చాక, తెర మీదికి చేరకముందే అందులో రెండు గళ్లు అదనంగా చేర్చగలదు: ఏటీఎం పిన్ ఇవ్వండి, పుట్టిన తేదీ ఇవ్వండి అని. చిరునామా అసలుదే. తాళం గుర్తూ అసలుదే. పేజీలో ఆ రెండు గళ్లు మాత్రమే దొంగవి. దీన్ని తయారు చేసినవాడు వేల డాలర్లకు అమ్మేవాడు. కొన్నవాడు నకళ్లు తీసి పంచకుండా ప్రోగ్రామును ఒకే కంప్యూటర్‌కు కట్టేసే లైసెన్సు తాళం కూడా పెట్టాడు. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు తమ సరుకును కాపాడుకునే పద్ధతి అది.

జియస్ పాస్‌వర్డ్ దొంగిలించేది. 2009లో జర్మనీ బ్యాంకుల ఖాతాదారుల మీద పడ్డ యూఆర్ఎల్‌జోన్ ఇంకో మెట్టు ఎక్కింది. ఖాతాలో ఎంత ఉంది, ఎంత తీస్తే బ్యాంకుకు అనుమానం రాదు అన్నది లెక్క వేసుకుని, ఖాతాదారు లాగిన్ అయి ఉండగానే డబ్బు పంపించేసేది. తర్వాత చేసే పని చూడండి. ఖాతాదారు తన కంప్యూటర్‌లో లావాదేవీల పట్టిక తెరిచినప్పుడు అందులో దొంగ పద్దును చెరిపి, నిల్వను పాత అంకెకు సరిచేసి చూపించేది. డబ్బు పోయింది, తెర మాత్రం పోలేదంటోంది. ఆదోని గుమాస్తా తన చిట్టాను అదే తెర మీది స్టేట్‌మెంట్‌తో సరిచూసుకుంటే టిక్కులన్నీ సరిగ్గానే పడతాయి, నష్టం అలాగే ఉంటుంది. శాఖకు నడిచి వెళ్లి తెచ్చిన కాగితంతో చూస్తే మొదటి రోజే దొరికిపోతుంది. ఒకే తెర రెండు సాక్ష్యాలూ చెబితే అవి రెండు కావు.

ఈ యూఆర్ఎల్‌జోన్‌ను విప్పుతున్నవాళ్లకు మరో వింత ఎదురైంది. దొంగలు డబ్బు మళ్లించడానికి అద్దెకు తీసుకున్న ఖాతాల నంబర్లు ఆ ప్రోగ్రాముకు దాని సర్వర్ నుంచి అందేవి. ఆ నంబర్లు దొరికితే ఖాతాలు ఆపించవచ్చని నిపుణులు తామే సోకిన కంప్యూటర్లలా నటించి సర్వర్‌ను అడిగారు. అడుగుతున్నది అసలు బాధితుడి యంత్రం కాదని సర్వర్‌కు అనుమానం వస్తే, ఏ సంబంధమూ లేని అమాయకుల ఖాతా నంబర్లు ఇచ్చి పంపేది. ఆ తేడాను కనిపెట్టి, నిజమైన నంబర్లను వేరు చేసి చూపించడం చిన్న పని కాదు. ఇక్కడ ఓపికే సగం విద్య.

ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం నిలబెట్టిన నాటి నుంచీ బట్టను తిరగేసి చూసే కళ్లు ఆ ఊళ్లో తరాలుగా ఉన్నాయి. అనుభవమున్న నేతగాడు వెనకవైపు చూసి పోగు ఎక్కడ తెగింది, ముడి ఎక్కడ పడింది, ఇది ఎవరి చేతి వాటం అన్నది చెబుతాడు. మాల్‌వేర్ విశ్లేషకులు చేసేది ఆ పనే. ప్రోగ్రాము వాళ్ల చేతికి వచ్చేసరికి రాసినవాడు పెట్టుకున్న పేర్లు, గుర్తులు ఏవీ ఉండవు. యంత్రానికి మాత్రమే అర్థమయ్యే ఆదేశాలు వేల కొద్దీ వరసలు ఉంటాయి. మొదట దాన్ని బయటి ప్రపంచంతో సంబంధం లేని ఒక కంప్యూటర్‌లో వదిలి, ఏ ఫైలు ముట్టుకుంటోంది, ఏ చిరునామాను పిలుస్తోంది అన్నది రాసుకుంటారు. తర్వాత ఆదేశాలను ఒక్కొక్కటిగా చదువుతారు. జియస్ ఏయే బ్యాంకుల పేజీల కోసం కాచుకోవాలన్న జాబితాను సంకేతాల్లో దాచుకునేది. ఆ సంకేతం విప్పే తాళంచెవి ప్రోగ్రాములోనే ఎక్కడో ఉండి తీరాలి, లేకపోతే అది తన జాబితా తానే చదువుకోలేదు. ఆ తాళంచెవి దొరికితే జాబితా దొరుకుతుంది, జాబితాలోని బ్యాంకులను హెచ్చరించవచ్చు. స్విట్జర్లాండ్‌కు చెందిన అబ్యూజ్.సీహెచ్ 2009 నుంచి జియస్ సర్వర్ల చిరునామాలను అలా సేకరించి, ఎవరైనా వాడుకునేలా ఉచితంగా ప్రచురించింది.

ఈ విద్యలో నన్ను అన్నిటికంటే కట్టిపడేసింది బంగ్లాదేశ్ కేసు. 2016 ఫిబ్రవరి 4 రాత్రి బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు పేరుతో న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్‌కు 35 చెల్లింపు ఆదేశాలు వెళ్లాయి. మొత్తం 95 కోట్ల 10 లక్షల డాలర్లు. అందులో ఐదు ఆదేశాలు చెల్లిపోయి 10 కోట్ల 10 లక్షల డాలర్లు కదిలాయి. 8 కోట్ల 10 లక్షలు మనీలాలోని ఒక బ్యాంకు శాఖకు చేరాయి, మిగిలిన 2 కోట్లు శ్రీలంక దారి పట్టాయి. ఫెడరల్ రిజర్వ్‌కు అవి సక్రమమైన ఆదేశాలే, ఎందుకంటే సక్రమమైన కంప్యూటర్ నుంచే వెళ్లాయి.

ఆ కంప్యూటర్‌లో ఏం జరిగిందన్నది బీఏఈ సిస్టమ్స్‌లో పనిచేసే సెర్గీ షెవ్చెంకో అదే ఏడాది ఏప్రిల్ 25న వివరంగా రాశారు. చెల్లింపు ఆదేశాలు పంపడానికి బ్యాంకులు వాడే స్విఫ్ట్ సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న తనిఖీ ఉంటుంది. ఆ తనిఖీ నెగ్గకపోతే ప్రోగ్రాము వేరే దారికి మళ్లి, పని ఆపేస్తుంది. ఆ మళ్లింపు ఆదేశం మెమరీలో ఆక్రమించే చోటు రెండే బైట్లు. దొంగ ప్రోగ్రాము నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌లలో సరిగ్గా ఆ చోటు వెతికి పట్టుకుని, ఆ రెండు బైట్లు తీసేసి వాటి బదులు ‘ఏమీ చేయకు’ అనే అర్థమున్న రెండు బైట్లు పెట్టింది. అంతే. తనిఖీ జరుగుతుంది, ఫలితం ఏదైనా సరే నెగ్గినట్టే ముందుకు సాగుతుంది. దాంతో లావాదేవీల డేటాబేస్ దొంగ ప్రోగ్రాము చేతికి వచ్చింది. తాము పంపిన ఆదేశాల ఆనవాళ్లను అందులోంచి తొలగించడం దానికి తర్వాతి పని.

అయినా అంతటితో దొంగలకు నిశ్చింత లేదు. ఢాకా కార్యాలయంలో ప్రింటర్ ఒకటి ఉంది. జరిగిన ప్రతి లావాదేవీకీ ధ్రువీకరణ కాగితం అచ్చు వేయడం దాని పని. అదే అక్కడి రెండో సాక్షి, మన గుమాస్తా తెచ్చే కాగితం లాంటిదే. అందుకే ప్రింటర్‌కు వెళ్లే ధ్రువీకరణలను మధ్యలోనే పట్టుకుని, తమ ఆదేశాలకు సంబంధించినవి కాగితం మీదకు రాకుండా చేసే ఏర్పాటూ అదే ప్రోగ్రాములో రాసి పెట్టారు. శుక్రవారం ఉదయం ప్రింటర్ పనిచేయకపోతే సిబ్బంది మామూలు మరమ్మతు అనుకున్నారు. బంగ్లాదేశ్‌లో శుక్ర, శనివారాలు వారాంతం. దొంగ ప్రోగ్రాము ఫిబ్రవరి 6 ఉదయం ఆరు గంటల దాకా పనిచేసి ఆగిపోయేలా దానికి గడువు కూడా పెట్టారు. రోజులు, సెలవులు, గంటలు లెక్క చూసుకుని చేసిన పని అది.

కోట్ల డాలర్ల దొంగతనం రెండు బైట్ల మీద ఆధారపడిందని వేల వరసల ఆదేశాల్లోంచి తేల్చి చెప్పిన చదువరితనానికి నేను దండం పెడతాను. ఆ వ్యాసం వచ్చాక ఆ సాఫ్ట్‌వేర్ వాడే ప్రతి బ్యాంకూ తన కంప్యూటర్లలో ఆ చోటే వెతికి చూసుకోగలిగింది. శ్రీలంక వెళ్లాల్సిన 2 కోట్ల డాలర్లు ఆగింది మాత్రం ఏ యంత్రం వల్లా కాదు. గ్రహీత పేరులో ‘ఫౌండేషన్’ అని ఉండాల్సిన చోట ‘ఫ్యాండేషన్’ అని ఉండటం మధ్యవర్తి బ్యాంకులో ఒకరి కంటపడింది. పద్దులో పేరు తప్పు పడితే చెల్లింపు ఆపే అలవాటు మన మండీ గుమాస్తాలకూ ఉంది.

ఇక మన దగ్గరి కథ. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఆంధ్రప్రదేశ్ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకులో 2022 జనవరిలో ఒక వారాంతాన 12 కోట్ల 48 లక్షల రూపాయలు మాయమయ్యాయి. దీన్ని హైదరాబాద్ పోలీసులు ఎలా ఛేదించారో అప్పటి కమిషనర్ సీవీ ఆనంద్ మార్చి 30న విలేకరుల సమావేశంలో వివరించారు. ఆ వివరాలు నాకు ఒక పాఠ్యపుస్తకంలా అనిపించాయి.

దారి మొదలైంది దొంగతనానికి రెండు నెలల ముందు. 2021 నవంబరులో బ్యాంకు ఉద్యోగులకు రెండు వందలకు పైగా ఫిషింగ్ మెయిళ్లు వచ్చాయి. ఇద్దరు ఉద్యోగులు తెరిచారు. దాంతో వాళ్ల కంప్యూటర్లలోకి దూరం నుంచి నడిపే ట్రోజన్ అనే దొంగ ప్రోగ్రాము దిగింది. దొంగ ఎక్కడో కూర్చుని వాళ్ల తెర చూస్తాడు, వాళ్ల కీబోర్డు మీద ఏ అక్షరం నొక్కుతున్నారో నమోదు చేసుకుంటాడు. అలా ఓపికగా చూస్తూ చూస్తూ బ్యాంకులో ఏ పనైనా చేయగల సూపర్ యూజర్ల లాగిన్ వివరాలు సంపాదించారు. ఆ సూపర్ యూజర్లు ఉండాల్సిన దానికంటే ఎక్కువమంది ఉన్నారు, కొందరి పాస్‌వర్డ్‌లు ఒకటే. ప్రధాన కార్యాలయం నెట్‌వర్క్‌కూ శాఖల నెట్‌వర్క్‌కూ మధ్య గోడ కట్టలేదు, ఒక చోట దూరితే అంతా తిరగవచ్చు. బ్యాంకుల్లో ఒకరు పద్దు రాస్తే ఇంకొకరు ఆమోదించే మేకర్, చెకర్ పద్ధతి ఎందుకుందో ఇక్కడే తెలుస్తుంది. సూపర్ యూజర్ చేతికి చిక్కితే ఆ ఇద్దరి పనీ ఒక్కడే చేసుకోగలడు. రాసేవాడూ సరిచూసేవాడూ ఒకడైపోయిన చోట సాక్ష్యానికి విలువ లేదు.

పోలీసుల పనితనం డబ్బు వెంట నడిచిన తీరులో ఉంది. బ్యాంకులోని కొద్ది ఖాతాల్లోకి చేరిన సొమ్ము అక్కడి నుంచి ఇతర బ్యాంకుల్లోని 115 ఖాతాలకు వెళ్లింది. వాటి నుంచి 398 ఖాతాలకు చీలింది. చివరికి దేశమంతటా 938 ఏటీఎంలలోంచి నోట్లుగా బయటికొచ్చింది. కంప్యూటర్‌లో చేసిన నేరం ఆనవాళ్లను దొంగ దాచగలిగాడు. దారి మళ్లించిన ఇంటర్నెట్ చిరునామాలు ఒక్కోటి ఒక్కో దేశానివి చూపించాయి. ఏటీఎం దగ్గర మాత్రం నోట్లు తీసుకోవడానికి ఒక మనిషి వెళ్లి నిలబడాల్సిందే, అక్కడ కెమెరా ఉంటుంది, గంట, నిమిషం నమోదవుతాయి. దాదాపు వందమంది పోలీసులు పలు రాష్ట్రాలు తిరిగారు. దర్యాప్తుకు 58 లక్షల రూపాయలు ఖర్చయిందని కమిషనర్ చెప్పారు. అద్దెకు ఖాతాలిచ్చినవాళ్లు, వాళ్లను పోగుచేసినవాళ్లు, నోట్లు తీసి ఇచ్చినవాళ్లు అరెస్టయ్యారు. ఆ ఖాతాలు, ఏటీఎంల దారుల పటం అంతా గీసి ముందు పెట్టగలగడం ఈ కేసులో పెద్ద విజయం. 2023లో రిజర్వు బ్యాంకు సైబర్ భద్రత నియమాలు పాటించనందుకు ఆ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా వేసింది. ఆ జరిమానా వెనక హైదరాబాద్ పోలీసులు దర్యాప్తులో బయటపెట్టిన లోపాల జాబితా ఉంది. ఆదోని, ఎమ్మిగనూరు లాంటి ఊళ్లలో టౌన్ బ్యాంకుల్లోనూ సహకార సంఘాల్లోనూ డబ్బు దాచుకునేవాళ్లు ఎంతోమంది. ఆ సంస్థల పాలకవర్గాలు ఆ జాబితాను ఒకసారి తమ ముందు పెట్టుకుని చదివితే మంచిది.

సంఘాల మాట వచ్చింది కాబట్టి అమెరికాలో ఒక చిన్న కౌంటీలో 2009లో జరిగింది చెప్పాలి. కెంటకీ రాష్ట్రంలోని బుల్లిట్ కౌంటీ ఖాతాలోంచి 4 లక్షల 15 వేల డాలర్లు పోయాయి. మన సంఘాల్లో చెక్కు మీద అధ్యక్షుడూ కోశాధికారీ సంతకం చేసినట్టే అక్కడ కూడా ప్రతి చెల్లింపుకూ ఇద్దరి ఆమోదం కావాలి. కోశాధికారి కంప్యూటర్‌లో జియస్ దిగింది. దొంగలు రెండో వ్యక్తి మెయిల్ చిరునామాను బ్యాంకు రికార్డుల్లో మార్చేశారు, దాంతో ఆమోదం కోసం బ్యాంకు పంపే సంకేతం వాళ్లకే చేరింది. లాగిన్ కూడా కోశాధికారి కంప్యూటర్ మీదుగానే చేశారు, అందువల్ల కౌంటీ సొంత చిరునామా నుంచే వస్తున్నట్టు బ్యాంకుకు కనిపించింది. ఇద్దరి సంతకం ఉంది, ఇద్దరూ లేరు.

జియస్ సంతతిలో అన్నిటికంటే మొండిది గేమ్‌ఓవర్ జియస్. 2011లో బయటికొచ్చిన ఈ రకం పాత వాటిలా ఒక సర్వర్‌ను నమ్ముకోలేదు. సోకిన కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని ఆదేశాలు చేతులు మార్చుకునేవి. ప్రపంచమంతటా 5 లక్షల నుంచి 10 లక్షల కంప్యూటర్లు దాని చేతిలో ఉన్నాయని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ అంచనా, నష్టం పది కోట్ల డాలర్లకు పైనే. కొట్టడానికి నడుమ తల అనేది లేదు. ఒకవేళ ఆ కంప్యూటర్లకు దారి తప్పితే వారానికి వెయ్యి కొత్త వెబ్ పేర్లు లెక్క కట్టి, వాటిలో ఏదో ఒకదాని దగ్గర యజమాని కోసం వెతుక్కునే రెండో ఏర్పాటు కూడా ఉంది. అంటే దొంగలు తమకోసం కూడా రెండో దారి వేసుకున్నారు.

దీని మీద పనిచేసిన జర్మన్ నిపుణుడు టిల్మన్ వెర్నర్, అమెరికన్ నిపుణుడు బ్రెట్ స్టోన్-గ్రాస్ తదితరుల పనితనం చూడండి. ప్రతి సోకిన కంప్యూటర్ దగ్గరా తన పొరుగువాళ్ల జాబితా ఒకటి ఉంటుంది. ఆ జాబితా ఎలా తాజా అవుతుంది, ఏ పొరుగువాణ్ని నమ్మాలి, ఏ పొరుగువాణ్ని తీసేయాలి అన్న నియమాలను వాళ్లు ప్రోగ్రాము విప్పి ఒక్కొక్కటిగా తేల్చారు. ఆ నియమాలనే వాడుకుంటూ తమ కంప్యూటర్లను మంచి పొరుగువాళ్లుగా పరిచయం చేసుకుంటూ పోయారు. లక్షల యంత్రాల జాబితాల్లోంచి దొంగ చిరునామాలు జారిపోయి, నిపుణుల చిరునామాలు నిండాలి. ఒకసారి ప్రయత్నించి దాదాపు నెట్‌వర్క్ అంతా చేతికి తెచ్చుకున్నాక, కళ్లకు చిక్కని ఒక చిన్న పొర ద్వారా దొంగలు మళ్లీ లాగేసుకున్నారు. ఆ పొరను కూడా అర్థం చేసుకుని, కోర్టు ఉత్తర్వులతో వెబ్ పేర్ల దారినీ మూయించి, 2014 మే 30 నుంచి పని మొదలుపెట్టారు. జూన్ 2న అమెరికా న్యాయశాఖ విజయం ప్రకటించింది. దొంగ రాసుకున్న నియమాల్లో ఒక్కదాన్నీ మార్చకుండా, ఆ నియమాల ప్రకారమే అతని సైన్యాన్ని దారి మళ్లించడం ఈ మొత్తం రంగంలో నేను చూసిన అందమైన పని.

అలా దారి మళ్లించిన కంప్యూటర్లు వచ్చి తట్టే చోటును సింక్‌హోల్ అంటారు. ఏ చిరునామా నుంచి తట్టిందో అక్కడ నమోదవుతుంది, అంటే ఏ ఊళ్లో ఏ కనెక్షన్ వెనక సోకిన కంప్యూటర్ ఉందో తెలుస్తుంది. మన దేశంలో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆధ్వర్యంలో 2017 ఫిబ్రవరి 21న మొదలైన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఇలాంటి సమాచారం మీదే పనిచేస్తుంది. ఇంటర్నెట్ కంపెనీ ద్వారా ఖాతాదారుకు కబురు పంపుతుంది, శుభ్రం చేసే ప్రోగ్రాములు ఉచితంగా ఇస్తుంది. ఆదోనిలో జిన్నింగ్ మిల్లు ఆఫీసుకు అలాంటి కబురు వస్తే దాన్ని ఇంకో మోసపు మెసేజ్ అని చెరిపేయకూడదు. అందులోని లింకు నొక్కకుండా, స్వచ్ఛతా కేంద్రం చిరునామా తామే టైపు చేసి వెళ్తే నిజమో కాదో తెలుస్తుంది.

దొంగల కన్ను ఇప్పుడు ఫోను మీద పడింది. బ్యాంకు ఓటీపీని ఫోనుకు పంపడంలోని ఉద్దేశం రెండో సాక్షిని వేరే దారిలో తెప్పించడమే. 2010లోనే జియస్‌కు తోడుగా ఫోనులోని మెసేజ్‌లు దొంగిలించే ప్రోగ్రాము వచ్చింది. మన దగ్గర పరిస్థితి ఇంకా కష్టంగా ఉంది, ఎందుకంటే చాలామందికి కంప్యూటరూ ఫోనూ ఒకటే. బ్యాంకు యాప్ ఉన్న ఫోనులోనే ఓటీపీ కూడా వస్తుంది. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు మండలాల రైతుకు వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతో ఒక ఏపీకే ఫైలు, అంటే ఆండ్రాయిడ్ ఫోనులో యాప్ దింపే ఫైలు, వస్తుంది. ట్రాఫిక్ చలానా పేరుతోనో, పెళ్లి పత్రిక పేరుతోనో వచ్చేవీ ఉన్నాయి. తెలిసినవాళ్ల నంబరు నుంచే వస్తుంది, ఎందుకంటే వాళ్ల ఫోను అప్పటికే దొంగ చేతిలో పడి ఉంటుంది. 2021 సెప్టెంబరులో సెర్ట్-ఇన్ హెచ్చరించిన డ్రినిక్ ఆదాయపు పన్ను రీఫండ్ పేరుతో వచ్చింది, 27కు పైగా బ్యాంకుల ఖాతాదారులను లక్ష్యం చేసుకుంది.

ఏపీకే విప్పడం విశ్లేషకులకు కాస్త తేలిక. అది లోపల చాలా ఫైళ్లున్న ఒక మూట. అందులో మానిఫెస్ట్ అనే పత్రం తప్పకుండా ఉండాలి, యాప్ ఏమేం అనుమతులు కోరుతుందో అందులో రాసి తీరాలి. పీఎం కిసాన్ సొమ్ము చూపించాల్సిన యాప్ మెసేజ్‌లు చదివే అనుమతి, పంపే అనుమతి, మన బదులు మీటలు తానే నొక్కగల అనుమతి కోరితే అక్కడే సంగతి తేలిపోతుంది. ఇంకాస్త లోతుకు వెళ్తే దొంగిలించిన మెసేజ్‌లు ఏ నంబరుకు, ఏ సర్వర్‌కు పంపాలో రాసిన వరస దొరుకుతుంది. అందుకే పొరపాటున నొక్కేశాక ఫైలును కంగారులో చెరిపేయడం కంటే, ఫోనులో ఇంటర్నెట్ ఆపి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, ఆ ఫైలు వచ్చిన మెసేజ్‌ను అలాగే ఉంచడం పోలీసులకు పనికొస్తుంది. ఆ మూటలో దొంగ చిరునామా ఉంది.

రిజర్వు బ్యాంకు 2017 నాటి నియమం ప్రకారం ఖాతాదారు తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేకుండా మూడోవాడి వల్ల డబ్బు పోతే, బ్యాంకు సమాచారం పంపిన మూడు పని దినాల్లోపు ఫిర్యాదు చేసినవారికి నష్టం పడదు. నాలుగు నుంచి ఏడు పని దినాల్లో చేస్తే నష్టంలో కొంత మోయాలి. రోజూ చిట్టా సరిచూసుకునే మండీకి ఆ మూడు రోజులు చాలా ఎక్కువ. నెలాఖరుకు చూసుకునే మండీకి చాలవు.

ఆదోని అంగళ్లలో ఇప్పటికీ కొందరు పెద్దలు జేబులో బటన్ ఫోను పెట్టుకుంటారు. ఏపీకే దిగడానికి ఆ ఫోనులో చోటే లేదు. బ్యాంకు ఖాతాకు ఆ నంబరునే ఇచ్చి, చెల్లింపులు మాత్రం ఆఫీసు కంప్యూటర్‌లో చేస్తే, ఓటీపీ మెసేజ్‌లోని పేరూ మొత్తమూ చిట్టాతో పోల్చి చూశాకే అంకెలు కొడితే, రెండు దారులూ మళ్లీ విడిపోతాయి. కరెంటు ఖాతాల్లో ఒకరు పద్దు పెట్టి ఇంకొకరు ఆమోదించే ఏర్పాటు చాలా బ్యాంకులు ఇస్తాయి. పద్దు గుమాస్తా ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టాలి, ఆమోదం సేటు ఇంకో కంప్యూటర్‌లో ఇవ్వాలి, ఇద్దరి నంబర్లూ మెయిళ్లూ వేర్వేరుగా ఉండాలి. దానికి శాఖలో ఒక అర్జీ, భాగస్వాముల సంతకాలు, కేవైసీ కాగితాలు కావాలి.